సూపర్‌సోనిక్ బిజినెస్ జెట్ డిజైన్: ముక్కు గీసేముందు కట్టాల్సిన లెక్కలు

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు సూపర్‌సోనిక్ బిజినెస్ జెట్ ఎంచుకునే జట్లు చాలావరకు మొదటి రోజే సూదిలాంటి ముక్కు, త్రికోణం రెక్క గీసేస్తాయి. తర్వాత ఆ బొమ్మకు అంకెలు అతికించబోయి మూడో వారానికి చేతులెత్తేస్తాయి. మామూలు విమానంలో పది శాతం తప్పు లెక్క కట్టినా ఎక్కడో సర్దుకోవచ్చు. ఇక్కడ ఒక్క శాతం తప్పితే విమానం దాదాపు రెట్టింపు బరువవుతుంది, అది ఎట్టాగో కింద అంకెలతోనే చూపిస్తాం. నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో మెకానికల్, ఏరోనాటికల్ చదివే వాళ్లు కాలిక్యులేటర్, ఒక స్ప్రెడ్‌షీటు పెట్టుకుని వెంట వెంట కట్టుకుంటూ పోతే చాలు.

ముందు దారి ఎంచుకోండి

ఎనిమిది మంది ప్రయాణికులు, 7,400 కి.మీ. రేంజి: బిజినెస్ జెట్‌కు ఇది న్యాయమైన లక్ష్యం. కానీ రేంజి ఒక్కటే రాస్తే సరిపోదు. ఆ దూరంలో ఎంత సముద్రం, ఎంత నేల అన్నది పక్కనే రాయాలి. ధ్వనివేగం దాటిన విమానం వెనక సోనిక్ బూమ్ అనే పెద్ద మోత నేలంతా ఈడ్చుకుంటూ వస్తుంది. అమెరికా 1973లో పౌర విమానాలు నేలమీద మాక్ 1 (అంటే ధ్వనివేగం) దాటడాన్ని నిషేధించింది. దాన్ని ఎత్తేయమని 2025 జూన్‌లో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. మిగతా దేశాలు ఏం చేస్తాయో చూసుకుని డిజైన్ చెయ్యలేం కాబట్టి, నేలమీద సబ్‌సోనిక్ (ధ్వనివేగం లోపు), సముద్రం మీద సూపర్‌సోనిక్ (ధ్వనివేగం పైన) అనే లెక్కతోనే మొదలుపెట్టండి.

మన తీరం నుంచే రెండు దారులు కట్టి చూడండి. నెల్లూరు తీరం నుంచి సింగపూర్ సుమారు 3,000 కి.మీ. చూడ్డానికి అంతా బంగాళాఖాతమే. కానీ సుమత్రా ఉత్తర కొస దగ్గరికి 1,900 కి.మీ.లకే చేరిపోతాం, ఆ తర్వాత 1,100 కి.మీ. మలక్కా జలసంధి, రెండు పక్కలా జనం. అక్కడ వేగం తగ్గించక తప్పదు. మామూలు జెట్‌కు మూడు గంటల ఇరవై నిమిషాలు పడితే, దీనికి రెండున్నర గంటలు. ఇంత ఖర్చూ యాభై నిమిషాల కోసం. అదే ఆస్ట్రేలియాలోని పెర్త్ చూడండి: సుమారు 6,400 కి.మీ., దాదాపు మొత్తం సముద్రమే. ఏడు గంటల ప్రయాణం నాలుగు గంటల చిల్లరకు దిగుతుంది. దారిలో ఇంజన్ ఆగితే దిగడానికి కోకోస్ దీవులు దగ్గరలోనే ఉన్నాయి. మీ డిజైన్‌కు ప్రమాణ ప్రయాణంగా ఇలాంటిది పెట్టుకోండి. హైదరాబాద్–లండన్ పెట్టుకున్న జట్టు సూపర్‌సోనిక్ బరువంతా మోసుకుంటూ సబ్‌సోనిక్‌లో తిరిగే విమానం గీస్తుంది.

షార్ ప్రయోగాల రోజుల్లో బంగాళాఖాతంలో కొంత గగనతలం మూసేస్తారు. మన తీరం నుంచి బయల్దేరే దారులకు చుట్టు తిరుగుడు ఇంధనం కొంచెం కలుపుకోండి.

మాక్ ఎంత?

2 అని రాయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. ప్రామాణిక వాతావరణంలో 11 కి.మీ. పైన ధ్వనివేగం సెకనుకు 295 మీటర్లు. అంటే మాక్ 1.4 గంటకు 1,490 కి.మీ., 1.6 అయితే 1,700, 2 అయితే 2,125. పెర్త్ దారిలో 1.6 నుంచి 2కు పోతే మిగిలేది ముప్పావు గంట. దానికి కట్టే వెల రెండు చోట్ల కనిపిస్తుంది.

మొదటిది వేడి. గాలి విమానం ముక్కు దగ్గర పూర్తిగా ఆగినప్పటి ఉష్ణోగ్రత = బయటి ఉష్ణోగ్రత (కెల్విన్‌లో) × (1 + 0.2 × మాక్ వర్గం). బయట 216.65 కెల్విన్ అనుకుంటే మాక్ 1.4 దగ్గర 28 డిగ్రీల సెల్సియస్, 1.6 దగ్గర 54, 1.8 దగ్గర 84, 2 దగ్గర 117. మాక్ 2తో ఎగిరిన ప్రయాణికుల విమానం కాంకార్డ్ ముక్కుకు 127 డిగ్రీల హద్దు పెట్టింది ఇందుకే. మాక్ 1.6 విమానం చర్మం ఆకాశంలో కంటే, రోహిణి కార్తెలో మధ్యాహ్నం రన్‌వే పక్కన నిలబెట్టినప్పుడే ఎక్కువ కాలుతుంది. మామూలు అల్యూమినియం, మామూలు కార్బన్ ఎపాక్సీ సరిపోతాయి. 1.8 దాటితే జిగురు, సీలెంట్, కిటికీ, టైరు ప్రతిదానికీ కొత్త పరీక్షలు కావాలి.

రెండోది ఇన్‌లెట్, అంటే ఇంజన్‌లోకి గాలి పోయే మూతి. ముందు ఒకే నిట్టనిలువు షాక్‌తో (గాలి ఒక్కసారిగా అణిగే పలుచని పొరతో) గాలిని ఆపితే మాక్ 1.4 దగ్గర మొత్తం పీడనంలో 96 శాతం దక్కుతుంది. 1.6 దగ్గర 89.5, 1.8 దగ్గర 81, 2 దగ్గర 72 మాత్రమే. పోయిన ఒక్కో శాతానికీ ఇంజన్ థ్రస్ట్‌లో (ముందుకు తోసే బలంలో) శాతానికి కొంచెం పైనే పోతుంది. కాబట్టి 1.4కు సాదా మూతి చాలు. 1.6కు ముందు వాలుగా ఒక కదలని ర్యాంపో శంకువో పెడితే 96 దాకా తెచ్చుకోవచ్చు. 2కు కదిలే ర్యాంపులు, వాటి హైడ్రాలిక్స్, వాటి కంప్యూటరు, వాటి బరువు.

మా సలహా 1.6. తక్కువ రిస్కు కావాలంటే 1.4. మాక్ 1.4కే పరిమితమైన ఏరియాన్ కంపెనీ బిజినెస్ జెట్ ప్రాజెక్టు ఏఎస్2 కూడా 2021 మేలో పెట్టుబడి దొరక్క ఆగిపోయిందని గుర్తుంచుకుంటే, 2 అని రాసే చెయ్యి కాస్త వణకాలి.

బరువు: అసలు పరీక్ష ఇదే

రేంజి సూత్రం: దూరం = (వేగం ÷ ఇంధన ఖర్చు రేటు) × (లిఫ్ట్ ÷ డ్రాగ్) × సహజ లాగరిథమ్ (క్రూయిజ్ మొదటి బరువు ÷ చివరి బరువు). లిఫ్ట్ అంటే రెక్క పైకెత్తే బలం, డ్రాగ్ అంటే గాలి వెనక్కి లాగే బలం, క్రూయిజ్ అంటే పైకి చేరాక నిలకడగా ఎగిరే దశ.

వేగం గంటకు 1,700 కి.మీ. ఇంధన ఖర్చు: ఒక కిలో థ్రస్ట్‌కు గంటకు 1.05 కిలోలు. ఇంజన్ బ్రోచర్లలో కనిపించే 0.6, 0.7 నేలమీదివో, సబ్‌సోనిక్‌వో. వాటిని తెచ్చి ఇక్కడ పెట్టడం మేము ఎక్కువగా చూసే తప్పు. లిఫ్ట్/డ్రాగ్ 8 అనుకోండి. మాక్ 2 దగ్గర కాంకార్డ్‌ది 7 చిల్లర, 1.6కు 8 అంటే ఆశ ఉన్నా అత్యాశ కాదు.

1,700 ÷ 1.05 × 8 = 12,950 కి.మీ. మన 7,400ను దీనితో భాగిస్తే 0.571. అంటే క్రూయిజ్ చివర మొదటి బరువులో 56.5 శాతం మిగలాలి. ట్యాక్సీ, టేకాఫ్, ఎక్కడం, ధ్వనివేగం దాటడం కలిపి 4.5 శాతం పోతుంది (0.955). దిగడం, ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి పోగల నిల్వ కలిపి ఇంకో 5 (0.95). మూడూ గుణిస్తే 0.513. టేకాఫ్ బరువులో 48.7 శాతం ఇంధనమే.

ఇప్పుడు మిగిలిన 51.3 శాతంలో ఖాళీ విమానం, మనుషులు, సామాను ఇమడాలి. ఎనిమిది మంది ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది, తలా వంద కిలోలు: 1.1 టన్నులు. ఖాళీ బరువు 48 శాతం అయితే మనుషులకు మిగిలేది 3.3 శాతం, అంటే విమానం 33 టన్నులు. 49 శాతం అయితే మిగిలేది 2.3, విమానం 48 టన్నులు. 50 శాతం అయితే 1.3 మిగిలి, 85 టన్నులు!

ఖాళీ బరువు అట్లే 48 శాతం ఉంచి లిఫ్ట్/డ్రాగ్‌ను 8 నుంచి 7.5కు దించి చూడండి. ఇంధనం 50.7 శాతానికి పోతుంది, 33 టన్నుల విమానం 83 టన్నులవుతుంది. అర పాయింటుకే. నిజానికి విమానం పెద్దదయ్యేకొద్దీ ఖాళీ బరువు శాతం కొంచెం తగ్గుతుంది కాబట్టి లెక్క ఇంత దారుణంగా పేలదు. కానీ ఎటు పేలుతుందో మాత్రం ఇదే చెబుతుంది. సీట్లలో, వంటగదిలో, సౌండ్ ప్రూఫింగ్‌లో ఎవరైనా వంద కిలోలు కలుపుతామంటే, 49 శాతం లెక్కలో టేకాఫ్ బరువు నాలుగు టన్నులకు పైగా పెరుగుతుందని ఈ పట్టిక చూపించండి.

మధ్యది తీసుకుందాం: 48 టన్నులు. ఇంధనం 23.4 టన్నులు, లీటరుకు 0.8 కిలో లెక్కన 29,000 లీటర్లు. హైవే మీద కనిపించే 20,000 లీటర్ల ట్యాంకరు లారీలు ఒకటిన్నర. పదకొండు మంది కోసం.

ఇదే విమానాన్ని మాక్ 0.95 దగ్గర కూడా లెక్క కట్టాలి, నేలమీద ఎగిరేది ఆ వేగంతోనే కాబట్టి. లిఫ్ట్/డ్రాగ్ 12, ఇంధన ఖర్చు 0.85 అనుకుంటే 1,010 ÷ 0.85 × 12 = 14,250 కి.మీ. సూపర్‌సోనిక్ అంకె కంటే కొంచెం మెరుగు. ఇది సూపర్‌సోనిక్ కంటే బాగా తక్కువ వస్తే మీ రెక్క మరీ చిన్నదో, మరీ వాలిందో అయి ఉంటుంది.

మొండెం, రెక్క

మొండెం లావు మీద కనికరం చూపకండి. ఒకే పొడవులో షాక్ డ్రాగ్ వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. కాబిన్‌లో నిలబడ్డానికి బాగుంటుందని 2.2 మీ. వ్యాసాన్ని 2.35 చేస్తే, అంటే జానెడు కూడా లేని 15 సెంటీమీటర్లకు, మొండెం షాక్ డ్రాగ్ 30 శాతం పెరుగుతుంది. పొడవు పెంచితే వర్గం చొప్పున తగ్గుతుంది. షాక్ డ్రాగ్ అతి తక్కువగా ఉండే సియర్స్–హాక్ ఆకారానికి సూత్రం: డ్రాగ్ ÷ డైనమిక్ పీడనం (వేగం వల్ల గాలి తోసే పీడనం) = 14.14 × (గరిష్ఠ అడ్డుకోత వైశాల్యం ÷ పొడవు) మొత్తం వర్గం. రెక్క, ఇంజన్లు కలిపి 4.5 చ.మీ., పొడవు 40 మీ. అయితే 0.18 చ.మీ. అదే 34 మీ.లో కుదిస్తే 0.25. నిజమైన విమానానికి దీన్ని 1.5 నుంచి 2 రెట్లు వేసుకోవాలి. ఆదర్శ ఆకారం ఎవరికీ దక్కదు.

అడ్డుకోత అంటే మొండెం ఒక్కటే కాదు. ముక్కు నుంచి తోక దాకా ప్రతి అర మీటరుకూ విమానం మొత్తాన్ని మాక్ కోణంలో కోసి (1.6కు 38.7 డిగ్రీలు) వైశాల్యం గ్రాఫు గీయండి. రెక్క మొదలయ్యే చోట, ఇంజన్ డొప్పల దగ్గర గూని కనిపిస్తే అక్కడ మొండెం నడుము సన్నం చెయ్యాలి. అమెరికా ఇంజనీరు విట్‌కూంబ్ 1950ల్లో కనిపెట్టిన ఏరియా రూల్ ఇదే. కాబిన్‌ను నడుము ఉన్న చోట పెట్టిన జట్టు ఇక్కడ ఏడుస్తుంది. కాబిన్ ముందుకు, రెక్క వెనక్కి జరపాలి.

రెక్క వైశాల్యం 120 చ.మీ., అంటే చదరపు మీటరుకు 400 కిలోలు. 15 కి.మీ. ఎత్తున మాక్ 1.6కు డైనమిక్ పీడనం సుమారు 21,600 పాస్కల్స్. సగం ఇంధనం పోయాక 36 టన్నుల బరువుకు లిఫ్ట్ గుణకం (లిఫ్ట్‌ను డైనమిక్ పీడనం, రెక్క వైశాల్యంతో భాగించిన అంకె) 0.14 వస్తుంది, సరైన చోటే ఉన్నాం. ముందు అంచు మాక్ శంకువు లోపల ఉండాలంటే వాలు 51.3 డిగ్రీలు దాటాలి. లోపలి సగానికి 60–65, బయటి సగానికి 53–55 పెట్టండి. మందం రెక్క ముందు అంచు నుంచి వెనక అంచు దాకా ఉన్న వెడల్పులో 3 నుంచి 4 శాతం.

అంత పలుచని రెక్కలో ఇంధనం ఎంత పడుతుంది? స్పార్లు, దిగే చక్రాల గదులు తీసేస్తే 13 ఘ.మీ. మనకు కావాల్సింది 29. మిగతా 16 మొండెంలోకే రావాలి, అంటే కాబిన్ వెనక ఆరు మీటర్లకు పైగా ట్యాంకే. ఇది చివర్లో తెలుసుకున్న జట్లకు సామాను గది మాయమైపోతుంది.

ఇంజన్

టేకాఫ్‌కు మొత్తం థ్రస్ట్ బరువులో 0.38 రెట్లు: 180 కిలోన్యూటన్లు. 90 చొప్పున రెండు, లేదా 60 చొప్పున మూడు. సముద్రం మధ్యలో ఒకటి ఆగితే మూడున్న విమానం నిమ్మళంగా ఉంటుంది, మరమ్మతు బిల్లు మాత్రం నిమ్మళంగా ఉండదు. క్రూయిజ్ మొదట్లో డ్రాగ్ 56 కిలోన్యూటన్లు, నేలమీద థ్రస్ట్‌లో 31 శాతం. ఆ ఎత్తున ఆ వేగాన ఇంజన్ ఇచ్చేది పావు నుంచి మూడో వంతు. అందుకే క్రూయిజ్‌ను 13 కి.మీ. దగ్గర మొదలుపెట్టి, ఇంధనం కరిగేకొద్దీ 15, 16కు ఎక్కాలి.

అసలు ఇరుకు మాక్ 1.05–1.2 మధ్య. డ్రాగ్ ఒక్కసారిగా లేస్తుంది, థ్రస్ట్ ఇంకా పుంజుకోదు. బండలాగుడు పోటీలో ఒంగోలు గిత్తలకు బండ కదిలించేటప్పుడే కష్టం, కదిలాక కాదు. ఇక్కడ థ్రస్ట్ డ్రాగ్ కంటే కనీసం 15 శాతం ఎక్కువ ఉండాలి, అదీ ప్రామాణికం కంటే 10 డిగ్రీలు వేడి రోజున. 5 శాతమే మిగిలితే వేగం పుంజుకోవడానికే వందల కిలోమీటర్లు, టన్నుల ఇంధనం పోతాయి. కొంచెం కిందికి దిగుతూ వేగం పట్టడం ఒక ఉపాయం, అమెరికా గూఢచారి విమానం ఎస్ఆర్-71 అట్లే చేసేది. కాంకార్డ్ ఆఫ్టర్‌బర్నర్ వాడింది, మీరు వాడకండి. ఈనాటి విమానాశ్రయ శబ్ద నిబంధనలకు అది నిలవదు.

ఆ నిబంధనల కోసమే బైపాస్ నిష్పత్తి (ఇంజన్ నడిమి భాగాన్ని దాటి పక్కనుంచి పోయే గాలి వాటా) పెంచాలనిపిస్తుంది. పెంచితే ఇంజన్ లావు, లావైతే డొప్ప డ్రాగ్, మళ్లీ పైన బరువు పట్టిక. 2–3 మధ్య ఎక్కడో ఆగాలి. ఈ తరగతికి అల్మారాలో సిద్ధంగా ఉన్న సివిల్ ఇంజన్ లేదు. రిపోర్టులో ఆ మాట నిజాయితీగా రాయండి.

బూమ్

ధ్వనివేగం దాటిన క్షణాన ఒక్కసారి మోగే శబ్దం అనుకోవడం పొరపాటు. కాలవలో మరపడవ పోతుంటే వెంటే గట్లకు అల కొట్టుకుంటూ వచ్చినట్టు, విమానం పోయినంత దూరమూ కింద మోగుతుంది. వెడల్పు, ఎత్తు 15 కి.మీ. అయితే రెండు పక్కలా కలిపి సుమారు 80 కి.మీ. తీరానికి సమాంతరంగా ఎగిరితే కనీసం 50 కి.మీ. సముద్రం లోపలికి పోయి ఎగరాలి. తీరంవైపు వచ్చేటప్పుడు షాక్ విమానం కంటే ముందుకు 20–30 కి.మీ. పరుగెడుతుంది. వేగం తగ్గించడానికి పట్టే దూరం కూడా కలిపి, 200 కి.మీ. అవతలే మొదలుపెట్టాలి. వేగం పుంజుకునే చోట షాకులు ఒకచోట పోగై మామూలుకు రెండు నుంచి అయిదు రెట్లు మోగుతాయి. ఆ బిందువును కృష్ణపట్నం, జువ్వలదిన్నె పడవలు వేటకు పోయే నీళ్లమీద పడనీయకండి.

శబ్దం తగ్గించాలంటే ముక్కు నుంచి తోక దాకా షాకులు ఒకదాన్నొకటి కలవకుండా చూడాలి. నాసా ఎక్స్-59 ఇందుకే 30 మీ. పొడవులో మూడో వంతు ముక్కే పెట్టుకుంది, ఇంజన్ వీపు మీద పెట్టుకుంది, పైలట్‌కు ఎదురుగా కిటికీ లేక కెమెరా తెర ఇచ్చింది. 2025 అక్టోబరు 28న మొదటిసారి ఎగిరింది. కాంకార్డ్ 105 డెసిబెల్స్ గ్రహణ స్థాయికి దీని లక్ష్యం 75. కానీ అది ఒక్క పైలట్ విమానం. 48 టన్నుల జెట్‌కు ఆ నిశ్శబ్దం కావాలంటే పొడవు 40తో ఆగదు. మొదటి డిజైన్‌లో బూమ్ తగ్గింపు జోలికి పోవద్దని మా అభిప్రాయం.

ఇంకో దారి ఉంది. నేల దగ్గర గాలి వేడి, ధ్వనివేగం 340. పైన 295. షాక్ కిందికి దిగేకొద్దీ పైకి వంగుతుంది. మాక్ 1.15 లోపు అయితే నేలను తాకకుండానే తిరిగిపోతుంది. 2025 జనవరి 28న బూమ్ సూపర్‌సోనిక్ కంపెనీ ప్రయోగ విమానం ఎక్స్‌బీ-1 మాక్ 1.12 దగ్గర ఇదే చూపించింది. మన ఎండలు ఇక్కడ మేలే చేస్తాయి: నేల 40 డిగ్రీలుంటే ధ్వనివేగం 355. వెనక గాలి ఉంటే మాత్రం ఆ మార్జిన్ కరిగిపోతుంది. పైగా మాక్ 1.1 అంటే సరిగ్గా డ్రాగ్ గుట్ట మీద కూర్చోవడం. నేలమీద గంటా గంటన్నరకు వాడుకోవచ్చు, ప్రయాణమంతా కాదు.

బ్యాలెన్స్

ధ్వనివేగం దాటగానే రెక్క మీద లిఫ్ట్ కేంద్రం వెనక్కి జరుగుతుంది, ఈ సైజు విమానానికి మీటరు దాకా. తోకతో దాన్ని సరిచేస్తే ట్రిమ్ డ్రాగ్ వచ్చి, మనం ప్రాణంగా చూసుకున్న అర పాయింటు పోతుంది. ఇంధనాన్నే వెనక్కి పంపాలి. 48 టన్నులను ఒక మీటరు జరపాలంటే 15 మీ. దూరంలో ఉన్న ట్యాంకుకు 3.2 టన్నులు. కాంకార్డ్ 20 టన్నుల దాకా ఇట్టా తిప్పేది. పంపు ఆగితే సబ్‌సోనిక్‌కు తిరిగొచ్చిన విమానం తోక బరువుతో అదుపు తప్పుతుంది, కాబట్టి రెండు పంపులు, గురుత్వాకర్షణతో పారే ఒక అత్యవసర దారి.

మన ఎండ

ప్రామాణిక వాతావరణపు పట్టిక ఉత్తర దేశాల సగటు. రెండు చోట్ల మనకు సరిపోదు.

నేలమీద: 42 డిగ్రీలకు గాలి సాంద్రత 8.6 శాతం తక్కువ. 48 టన్నులకు, లిఫ్ట్ గుణకం 0.75కు టేకాఫ్ వేగం గంటకు 333 నుంచి 348 కి.మీ.కు పోతుంది. విమాన టైర్ల మామూలు హద్దు 378. ఇంకో నాలుగు టన్నులు కలిపితే ఆ హద్దు ఊపిరాడనివ్వదు. 26 టన్నులతో దిగే వేగం 286. రన్‌వే పొడవు లెక్క ఈ వేడితోనే కట్టండి. కొరిశపాడు దగ్గర హైవే మీద వాయుసేన అత్యవసర రన్‌వే 4.1 కి.మీ. ఉంది కదా అని రిపోర్టులో రాసే వాళ్లుంటారు. అది మన లాంటి విమానాలకు కాదు.

ఆకాశంలో: ఉష్ణమండలంలో 16 కి.మీ. దగ్గర మైనస్ 56 కాదు, మైనస్ 75 – 80. ధ్వనివేగం 280కి పడుతుంది, మాక్ 1.6 అంటే గంటకు 1,610 కి.మీ.యే. ప్రయాణం ఐదు శాతం పొడవవుతుంది. బదులుగా ఇంజన్‌కు చల్లగాలి, చర్మానికి 22 డిగ్రీలే, గంటకు ఇంధన ఖర్చు కూడా తగ్గి రేంజి పెద్దగా పోదు. ఇదే తెలియక జట్లు పెర్త్ సమయాన్ని తక్కువ రాస్తాయి.

సరిచూడ్డం

విమానం ఆకారం గీసే ఓపెన్‌విఎస్‌పి సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆకారం, వైశాల్యం గ్రాఫు, షాక్ డ్రాగ్ (వేవ్ డ్రాగ్) మూడూ అందులోనే వస్తాయి. గాలి ప్రవాహాన్ని లెక్కగట్టే ఎస్‌యూ2 కూడా ఉచితమే, ఆయిలర్ పద్ధతిలో మాక్ 1.6కు ఒక లెక్క నడపండి. దానిలో రాపిడి ఉండదు. వచ్చిన డ్రాగ్‌కు రాపిడి గుణకం 0.006 చేర్చకుండా లిఫ్ట్/డ్రాగ్ 13 వచ్చిందని సంబరపడిన రిపోర్టులు లేకపోలేదు. మెష్ (లెక్క కోసం గాలిని ముక్కలు చేసే గడులు) రెట్టింపు చేసినప్పుడు డ్రాగ్ రెండు శాతం కంటే ఎక్కువ మారితే ఆ అంకెను బరువు పట్టికలో పెట్టకండి, పైన చూశారుగా రెండు శాతం అంటే ఏమిటో. వచ్చిన కొత్త లిఫ్ట్/డ్రాగ్‌తో మొదటి పట్టికకు తిరిగి వెళ్లండి. టేకాఫ్ బరువు వరుసగా రెండు చుట్లలో అర టన్ను లోపే మారేదాకా తిప్పాలి. మామూలుగా ఆరేడు చుట్లు పడుతుంది. ప్రతి చుట్టుకూ బరువు పెరుగుతూనే పోతుంటే చుట్లు తిప్పడం ఆపి, రేంజి 7,400 నుంచి 6,800కు దించండి. పెర్త్‌కు అదీ సరిపోతుంది.